గొంతు ఉండగానే

వీధి పేరు గ్రోసె ఫ్రైహైట్. మహా స్వేచ్ఛ అని అర్థం. 1960 ఆగస్టు 17, బుధవారం రాత్రి. హాంబర్గ్ రేవు దగ్గర, సాంక్ట్ పౌలి పేటలో, ఆ వీధి మధ్యన నిలబడి ఉన్నాం. రెండు పక్కలా రంగురంగుల నియాన్ దీపాలు. ఓడ దిగిన నావికులు జీతం డబ్బులు జేబులో వేసుకుని గుంపులుగా తిరుగుతున్నారు. ప్రతి గుమ్మం దగ్గరా ఒకడు నిలబడి, దారినపోయేవాళ్లను లోపలికి రమ్మని పిలుస్తున్నాడు. తల ఎత్తితే వెలుగుతున్న ఏనుగు బొమ్మ. ఆ క్లబ్బు పేరు ఇంద్ర. ఐరావతం కథ తెలిసిన మనకు ఇంత దూరాన ఆ పేరు కనిపిస్తే చుట్టం కనిపించినట్టే ఉంటుంది. లోపలికి వెళ్దాం పదండి.

ఇరుకు గది. నిన్నమొన్నటిదాకా ఇక్కడ ఆడవాళ్లు బట్టలు విప్పుతూ ఆడేవారు. ఆనాటి తివాచీ, బరువైన తెరలు అలాగే ఉన్నాయి. వాయించిన శబ్దాన్ని అవే మింగేస్తున్నాయి. చిన్న వేదిక మీద ఐదుగురు కుర్రాళ్లు. ముందు నిలబడ్డ జాన్ లెనన్‌కు 19 ఏళ్లు. పక్కనున్న పాల్ మెకార్ట్‌నీకి 18. మూడేళ్ల కిందట, 1957 జూలై 6న, లివర్‌పూల్ శివార్లలో ఒక చర్చి ఉత్సవానికి జాన్ జట్టు వాయించడానికి వస్తే పాల్ చూడ్డానికి వచ్చాడు. అక్కడ కలిశారు ఇద్దరూ. మూడో గిటారు జార్జ్ హారిసన్‌ది. అతనికి పదిహేడే. 18 నిండనివాళ్లు రాత్రి పొద్దుపోయాక ఇలాంటి క్లబ్బుల్లో ఉండకూడదని ఇక్కడి చట్టం. ఇప్పటికి ఎవరూ అడగలేదు. బేస్ గిటారు పట్టుకున్న స్టూ సట్‌క్లిఫ్ అసలు చిత్రకారుడు. తాను వేసిన బొమ్మ ఒకటి అమ్ముడైతే, ఆ డబ్బుతో స్నేహితుల మాట కాదనలేక బేస్ కొన్నాడు. వాయించడం ఇంకా పూర్తిగా రాలేదు. డ్రమ్స్ వెనక కూర్చున్న పీట్ బెస్ట్ జట్టులో చేరి వారం కూడా కాలేదు. లివర్‌పూల్ నుంచి ఒకే వ్యానులో కిక్కిరిసి కూర్చుని, సముద్రం దాటి, హాలెండ్ మీదుగా వచ్చారు. జట్టు పేరు బీటిల్స్.

ఇప్పుడు వీళ్ల పాట వింటే ప్రపంచాన్ని ఊపేస్తారని ఎవరికీ అనిపించదు. ఊళ్లో ఇంతకన్నా మంచి జట్లున్నాయి. పాడుతూ బిగుసుకుపోయి నిలబడుతున్నారు. అది క్లబ్బు యజమాని బ్రూనో కోష్మీడర్‌కు నచ్చదు. జనం కదలాలి, బీరు అమ్ముడవాలి. మాఖ్ షౌ, మాఖ్ షౌ అని అరుస్తాడు. ఆడి చూపించండిరా అని దాని భావం. ఆ అరుపు వినగా వినగా జాన్ గెంతడం మొదలుపెడతాడు, నేల మీద దొర్లుతాడు, కుంటుతూ నడిచి చూపిస్తాడు. పాల్ గొంతు చించుకుంటాడు. వీధిలో పోయేవాడు ఆగి తొంగిచూస్తాడు. ఆగినవాడు లోపలికొస్తాడు.

ఒప్పందం ప్రకారం మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరేసి గంటలు వాయించాలి. మనిషికి రోజుకు 30 జర్మన్ మార్కులు. లివర్‌పూల్‌లోనైతే గంటసేపు వాయించేవారు. బాగా వచ్చిన పదో పన్నెండో పాటలు చూసుకుంటే సరిపోయేది. ఇక్కడ ఆ పాటలన్నీ రెండో గంటకే అయిపోతాయి. మూడో గంటకు ఏం చెయ్యాలి? తెలిసిన పాటను సాగదీస్తారు. రే చార్లెస్ పాటొకటి పట్టుకుంటే వంతులవారీగా పాడుతూ, జనం చేత పాడిస్తూ, ఆపకుండా లాగుతారు. తెలియని పాటను మధ్యాహ్నం నేర్చుకుని రాత్రికి పాడేస్తారు. పాత సినిమా పాట, పల్లె పాట, ఏది దొరికితే అది. మన పల్లెల్లో తోలుబొమ్మలాటవాళ్లు తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేవారు కదా. ఏ ఘట్టం పెంచాలో, నిద్ర తూగుతున్నవాళ్లను ఎక్కడ నవ్వించాలో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. రాత్రే నేర్పింది. ఈ కుర్రాళ్లకూ అంతే.

ఒంటిగంట దాటింది. బల్లల దగ్గరివాళ్లు వేదిక మీదికి బీరు పంపిస్తున్నారు. పంపినవాడు చూస్తుండగానే తాగాలి, లేకపోతే గొడవ. రెండింటికి ఆట ముగిసింది. వాళ్ల వెంట బస దాకా వెళ్దాం. ఎంతో దూరం లేదు, బాంబి కీనో అనే పాత సినిమా హాలు. తెర వెనక, మరుగుదొడ్ల పక్కన, కిటికీలు లేని గదులు. దీపం ఉండీ లేనట్టుంది. గోడ అవతలి నుంచి కంపు కొడుతోంది. మర్నాడు సినిమా మాటలకు మెలకువ వస్తుంది. మొహం కడుక్కోవాలన్నా, గడ్డం గీసుకోవాలన్నా ఆ మరుగుదొడ్ల దగ్గరి చన్నీళ్లే. మళ్లీ సాయంత్రం ఏనుగు బొమ్మ కిందికి నడవాలి. ఇంద్రలో ఇలా 48 రాత్రులు గడిచాయి. చప్పుడుకు నిద్రపట్టడం లేదని పైనుండే ఒక ముసలావిడ ఫిర్యాదు చెయ్యడంతో అక్కడ సంగీతం ఆగిపోయింది. అక్టోబరు 4 నుంచి అదే వీధిలో కైజర్‌కెల్లర్ అనే పెద్ద క్లబ్బు.

కైజర్‌కెల్లర్ నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుంటేనే పొగ, చెమట, పగిలిన గ్లాసుల పెంకులు. లివర్‌పూల్ నుంచే వచ్చిన రోరీ స్టార్మ్ జట్టుతో వంతులు పంచుకుని వాయించాలి. ఆ జట్టు డ్రమ్మర్ పేరు రింగో స్టార్. వేదిక పుచ్చిపోయింది, దాన్ని ఎవరు ముందు విరగ్గొడతారా అని రెండు జట్లకూ పంతం. గెంతీ గెంతీ విరగ్గొట్టింది రోరీయే. ఒక రాత్రి క్లౌస్ ఫోర్మాన్ అనే కుర్ర చిత్రకారుడు పాట విని ఈ మెట్లు దిగాడు. తర్వాత తన స్నేహితురాలు ఆస్ట్రిడ్ కిర్ష్‌హెర్‌ను తీసుకొచ్చాడు. ఆమె ఈ ఐదుగురినీ తిరనాళ్ల మైదానానికి తీసుకెళ్లి, యంత్రాల మధ్య నిలబెట్టి నలుపు తెలుపు ఫొటోలు తీసింది. నలిగిన తోలు కోట్లు, నూనె రాసిన జుట్టు, ఇరవై నిండీ నిండని కళ్లలో పెద్దవాళ్ల అలసట. బీటిల్స్ ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. నా మటుకు నాకు అన్నిటికన్నా నిజమైనవి అవే.

నవంబరులో అంతా కుప్పకూలింది. వీళ్లు వేరే క్లబ్బుకు వెళ్లబోతున్నారని యజమానికి కోపం వచ్చింది. జార్జ్ వయసు సంగతి పోలీసుల దాకా చేరింది, నవంబరు 21న అతన్ని దేశం నుంచి పంపేశారు. బాంబి కీనో గది ఖాళీ చేస్తూ పాల్, పీట్ చీకట్లో వెలుతురు కోసం గోడ మీద ఏదో అంటిస్తే, హాలు తగలబెట్టబోయారని నేరం మోపి వాళ్లనూ పంపేశారు. స్టూ ఆస్ట్రిడ్ కోసం హాంబర్గ్‌లోనే ఉండిపోయాడు. జాన్ ఒక్కడే రైళ్లు మారుతూ, సామాను మోసుకుంటూ ఇల్లు చేరాడు. చేతిలో డబ్బు లేదు. కొన్ని రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

1960 డిసెంబరు 27. లివర్‌పూల్ ఉత్తరాన లిథర్లండ్ టౌన్ హాల్. క్రిస్మస్ సెలవుల డాన్సు. ప్రకటనల్లో హాంబర్గ్ నుంచి నేరుగా వచ్చిన జట్టు అని రాశారు. ఆరు పౌన్లకు ఒప్పుకున్నారు. తెర ఇంకా మూసే ఉంది. హాలంతా జంటలు మామూలుగా డాన్సు చేస్తున్నాయి. పేరు పలికారు, తెర తీశారు, పాల్ గొంతెత్తాడు.

డాన్సు ఆగిపోయింది. చేతులు వదిలేసి అందరూ వేదిక వైపు పరుగు తీశారు. మనల్ని కూడా తోసేస్తున్నారు, ఆ బల్ల పట్టుకుని నిలబడండి. కేకలు. నల్ల తోలు కోట్లు వేసుకున్న వీళ్లు గచ్చు అదిరేలా కాళ్లతో తాళం వేస్తున్నారు. జర్మన్లేమో అనుకున్న కొందరు, ఆట అయ్యాక, ఇంగ్లిషు ఎంత చక్కగా మాట్లాడుతున్నారో అని మెచ్చుకున్నారు. నాలుగు నెలల కిందట ఈ ఊళ్లో వీళ్లు పదిమందిలో ఒకరు. ఈ నాలుగు నెలల్లో ఏం జరిగిందో హాల్లో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు, మనం చూశాం.

ఇక మాథ్యూ స్ట్రీట్. పండ్ల గోదాముల మధ్య సన్నటి సందు. 1961 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. కావెర్న్ క్లబ్బు నిటారు మెట్లు దిగుతుంటే వాసన ఎదురొచ్చి కొడుతుంది: చెమట, ఫినాయిలు, కుళ్లిన పండ్లు. కింద ఇటుక కమానులతో మూడు సొరంగాలు, మధ్యదాని చివర వేదిక. గాలాడదు. జనం ఊపిరి ఆవిరై గోడల మీదికి చేరి నీళ్లుగా కారుతోంది. పైకప్పు సున్నం పెచ్చులు వాయించేవాళ్ల భుజాల మీద రాలుతున్నాయి. మద్యం అమ్మరు. టీ, సూపు, రొట్టె మాత్రమే దొరుకుతాయి. ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు భోజనం వేళ గంటసేపు వస్తారు. ముందు వరస కుర్చీల కోసం వాళ్లలో వాళ్లకు పోటీ. తడికి కరెంటు పోతుంది. అప్పుడు జాన్, పాల్ రొట్టెల ప్రకటన పాటలు ఎత్తుకుంటే జనమంతా కలిసి పాడతారు. ఎవరు ఏ పాట అడిగితే అది వాయిస్తారు, కబుర్లు చెబుతారు, వేదిక మీదే తింటారు, తాగుతారు. హాంబర్గ్‌లో పరాయి జనాన్ని లొంగదీసుకోవడం నేర్చారు. సొంత జనంతో చనువు కావెర్న్‌లో అబ్బింది. రెండున్నరేళ్లలో ఈ నేలమాళిగలో సుమారు 290 సార్లు వాయించారు. మధ్యలో హాంబర్గ్ ప్రయాణాలు ఆగలేదు. 1962 చివరికి మొత్తం ఐదు దఫాలు వెళ్లొచ్చారు.

1961 నవంబరు 9. మెట్లు దిగుతున్న ఆ సూటు బూటు మనిషిని చూశారా? ఇక్కడికి నాలుగడుగుల దూరంలో రికార్డుల దుకాణం నడుపుతున్న బ్రయన్ ఎప్‌స్టీన్. వయసు 27. అతనికి అలవాటైన సంగీతం వేరు, ఈ చోటు వేరు. వెనక నిలబడి విన్నాడు. నెల తిరిగేసరికి మేనేజరుగా ఉంటానన్నాడు. తోలు కోట్లు తీయించి సూట్లు తొడిగించాడు. వేదిక మీద తినడం మాన్పించాడు. పాట అయ్యాక నలుగురూ కలిసి వంగి దండం పెట్టాలన్నాడు. రికార్డు కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగాడు. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీ వీళ్లను పరీక్షించింది. మంచులో వ్యాను దారి తప్పి అవస్థపడి వెళ్లి 15 పాటలు పాడారు. కంపెనీ వద్దంది. నేను ఆ రికార్డింగు విన్నాను. బెదురుతూ పాడారు, ఆ రోజు వద్దన్నవాళ్లను తప్పుపట్టలేను.

ఏప్రిల్ 11న హాంబర్గ్ విమానాశ్రయంలో దిగిన జాన్‌కు, పాల్‌కు, పీట్‌కు ఆస్ట్రిడ్ ఎదురొచ్చింది. ముందురోజే స్టూ చనిపోయాడని చెప్పింది. మెదడులో రక్తస్రావం. 21 ఏళ్లు. జట్టు వదిలి మళ్లీ బొమ్మలు వేసుకుంటున్నాడు. రెండు రోజుల తర్వాత, 13న, స్టార్ క్లబ్ అనే కొత్త చోట వాళ్లు వేదిక ఎక్కాల్సి వచ్చింది. ఎక్కారు.

మే నెలలో ఎప్‌స్టీన్ నుంచి టెలిగ్రాం: ఇఎంఐ కంపెనీ పిలిచింది. జూన్ 6న ఆబీ రోడ్ స్టూడియోలో నిర్మాత జార్జ్ మార్టిన్ విన్నాడు. హాస్య నటుల రికార్డులతో పేరు తెచ్చుకున్న మనిషి. వాయిద్యాలు, పద్ధతులు ఎలా ఉండాలో చాలాసేపు చెప్పి, మీకు నచ్చనిదేమైనా ఉంటే చెప్పండి అన్నాడు. మీ టై నచ్చలేదన్నాడు జార్జ్ హారిసన్. గది ఘొల్లుమంది. పాటల కన్నా ముందు ఆ మనుషులు మార్టిన్‌కు నచ్చారు.

డ్రమ్స్ మాత్రం ఆయనకు నచ్చలేదు. ఆగస్టు 16న పీట్‌ను తీసేశారు. రెండేళ్లు పక్కనే వాయించి, ఒకే గదిలో పడుకున్న ముగ్గురిలో ఒక్కరైనా ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పలేదు. ఎప్‌స్టీన్ చేత చెప్పించారు. అతని చోట రింగో రావడం సంగీతానికి మేలే చేసింది. కానీ ఆ పని చేసిన తీరు తప్పు. ఎన్నిసార్లు ఈ కథ చదివినా అక్కడ మనసు కలుక్కుమంటుంది.

అక్టోబరు 5న మొదటి రికార్డు విడుదలై 17వ స్థానం దాకా వెళ్లింది. రెండోది నవంబరు 26న రికార్డు చేస్తుండగా మార్టిన్ పైగదిలోంచి మైకులో, మీ మొదటి నంబర్ వన్ ఇదేనని చెప్పాడు. జనవరిలో అది విడుదలైంది. ఆ చలికాలం బ్రిటన్ అంతా గడ్డకట్టింది. ఆ మంచులోనే హెలెన్ షాపిరో అనే గాయని బృందంతో బస్సులో ఊరూరా తిరుగుతుండగా రికార్డు రోజురోజుకూ పైకెక్కుతోంది. వెంటనే పెద్ద రికార్డు కావాలి. జనం కేకలతో సహా కావెర్న్‌లోనే చేస్తే ఎలా ఉంటుందని మార్టిన్ వెళ్లి చూశాడు. ఆ ఇటుక గోడల మధ్య కుదరదు. సరే, రోజూ వేదిక మీద వాయించేదే స్టూడియోకు వచ్చి వాయించండి అన్నాడు.

1963 ఫిబ్రవరి 11, సోమవారం, ఉదయం 10. ఆబీ రోడ్ రెండో స్టూడియో. ఎత్తయిన తెల్లని గది. ఒక గోడకు మెట్లు, మెట్ల పైన గాజు కిటికీ, దాని వెనక జార్జ్ మార్టిన్, ఇంజినీర్ నార్మన్ స్మిత్. ఇక్కడ అందరూ టై కట్టుకుని పనిచేస్తారు. వాయించేవాళ్లకు మూడు గంటల విడతకు ఏడున్నర పౌన్లు. జాన్ దగ్గుతున్నాడు. బస్సు ప్రయాణాల్లో జలుబు పట్టి ఛాతీలోకి దిగింది. పియానో మీద గొంతు బిళ్లల సీసా, పక్కన సిగరెట్లు.

మొదటి పాట పదిసార్లు వాయిస్తే గాని ఒప్పుకోలేదు. రెండోదీ దాదాపు అంతే. ఒంటిగంటకు భోజనం వేళ అయింది. మార్టిన్ మనుషులు బయట తినడానికి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే ఈ నలుగురూ పాలు తాగి వాయిస్తూనే ఉన్నారు. భోజనం మానేసి సాధకం చేసేవాళ్లను ఆ స్టూడియో మనుషులు ఎన్నడూ చూడలేదు. బాంబి కీనో చూసొచ్చిన మనకు ఆశ్చర్యం లేదు. రోజుకు ఆరు గంటలు వాయించినవాళ్లకు ఇది మామూలు సోమవారం.

మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది. ముందు అనుకున్నది రెండు విడతలు. చాలక మూడోది కలిపారు. రెండే ట్రాకులున్న టేపు. అతికించి సరిదిద్దుకునే వీలు పెద్దగా లేదు. అందరూ కలిసి ఒకేసారి వాయించి పాడాలి. తడబడితే మళ్లీ మొదటి నుంచి. రాత్రి పది కావస్తుండగా తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. రెండు చిన్న రికార్డుల పాటలు నాలుగు ముందే ఉన్నాయి. ఇంకొక్కటి కావాలి. స్టూడియో మూసే వేళ దగ్గరపడింది. కింది క్యాంటీన్లో కాఫీ తాగుతూ ఏ పాటో తేల్చుకున్నారు. కావెర్న్‌లో జనాన్ని కుర్చీల మీద నిలవనివ్వని పాట, ఐస్లీ బ్రదర్స్ అనే జట్టు నుంచి తీసుకున్న ట్విస్ట్ అండ్ షౌట్.

ఆ పాట మొదటి మాట నుంచీ అరుపే. జాన్ గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోయింది. అందుకే మార్టిన్ దాన్ని చివరికి ఉంచాడు. పాడాక ఆ గొంతు ఇక దేనికీ పనికిరాదని ఆయనకు తెలుసు. జాన్ బిళ్ల చప్పరించాడు, పాలు పుక్కిలించాడు, చొక్కా విప్పేశాడు. మనం మెట్ల కింద గోడకు ఆనుకుని నిలబడదాం, అడ్డు రాకుండా.

టేపు తిరిగింది. గిటార్లు, డ్రమ్స్. జాన్ నోరు తెరిచాడు. అది పాడటం కాదు, చీల్చుకోవడం. పాల్, జార్జ్ ఒకే మైకు దగ్గర తలలు చేర్చి వంత పాడుతున్నారు. స్వరాలు మెట్లు మెట్లుగా పైకెక్కుతున్నాయి, రింగో చేతులు కనిపించడం లేదు. పది గంటలుగా వాయిస్తున్న మనుషులు అప్పుడే వేదిక ఎక్కినట్టున్నారు. రెండున్నర నిమిషాలు. చివర ఎవరిదో ఒక సంతోషపు కేక వినిపిస్తుంది. ఈసారి విన్నప్పుడు గమనించండి, టేపులో ఇప్పటికీ ఉంది.

ఇంకోసారి చూద్దామన్నాడు మార్టిన్. మొదలుపెట్టారు. జాన్‌కు గొంతు లేదు. రికార్డులో మనం వినేది ఆ మొదటిదే.

పదకొండు కావస్తుంటే దీపాలు ఆర్పారు. ఒక్కరోజులో పది పాటలు. ఆ పెద్ద రికార్డు మార్చి 22న వచ్చింది. మే నెలలో మొదటి స్థానానికి ఎక్కి 30 వారాలు అక్కడే ఉంది. దాన్ని దించింది వీళ్ల రెండో రికార్డే. ఈ సోమవారానికి ఏడాదికి రెండు రోజులు తక్కువగా, 1964 ఫిబ్రవరి 9న, అమెరికాలో 7.3 కోట్ల మంది టీవీల ముందు కూర్చుని వీళ్లను చూశారు. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చారని అక్కడివాళ్లు అన్నారు.

మనం మాత్రం ఈ రాత్రి ఆబీ రోడ్ గుమ్మం దగ్గరే ఆగుదాం. చలి వీధిలోకి నలుగురూ వచ్చారు. మర్నాడు, ఫిబ్రవరి 12న, రెండు ఊళ్లలో రెండు కచేరీలు ఒప్పుకుని ఉన్నారు, ఒకటి షెఫీల్డ్‌లో, ఒకటి ఓల్డమ్‌లో. రెండు చోట్లా వాయించారు.